వీపుకు దిండు కట్టుకున్న మనిషి

మోకాళ్లకు వేసుకునే పట్టీ కోసం మొన్న అల్వాల్ పోయాను. స్టేషన్ నుంచి బయటికి రాగానే అటువంటి సామాను అమ్మే దుకాణం ఒకటుంది. చేతికర్రలు, మెడపట్టీలు, చక్రాల కుర్చీలు వరుసగా పెట్టి ఉంటాయి. అద్దం వెనక తలా కాళ్లూ లేని ప్లాస్టిక్ మొండెం ఒకటి నిలబెట్టారు. దాని రొమ్ము చుట్టూ వెడల్పాటి నల్ల బెల్టు కట్టి ఉంది. ఎదురుగా చూస్తే ఏమీ లేదు. పక్కకు వచ్చి చూస్తే వీపు మధ్యన పావురొట్టె అంత ముద్ద.

నేను దాన్నే చూస్తూ నిలబడిపోతే, దుకాణంలో కూర్చున్న ఆమె అంది.

“అది మోకాళ్లకు గాదమ్మా. గురక వెట్టెటోళ్లకు. ఎల్లకిల పండుకోకుంట ఆపుతది.”

“ఎరికేనమ్మా,” అన్నాను.

“మీ ఇంట్ల వాడిన్రా?”

“మా పక్కింట్ల.”

“మంచిగ పనిజేసిందా మరి?”

ఆమె తన వ్యాపారం కోసం అడిగింది. మోకాలికి పట్టీ వేసి చూపిస్తుంటే కాలు చాపాను గాని, నా మనసు అక్కడ లేదు. పనిచేసిందని చెప్పాలా, చేయలేదని చెప్పాలా? మేడ్చల్ రైలెక్కి కూర్చున్నాక కూడా అదే ఆలోచన.

మేము అద్దెకు ఉండేది వరుసగా కట్టిన గదుల ఇంట్లో. ఒక్కో కుటుంబానికి ఒక గది, ముందర వంటకు కొంచెం చోటు. అందరికీ కలిపి ఒకటే వాకిలి, ఒకటే నల్లా. మా గదికీ ఆ బెల్టు కట్టుకున్న మనిషి గదికీ మధ్య ఉన్న గోడ పైన రేకుల దాకా పోలేదు. మూరెడు సందు వదిలేశారు. అక్కడ పోపు వేస్తే ఇక్కడ దగ్గు వచ్చేది.

అతను షామీర్‌పేట దగ్గర ఒక విల్లాల కాలనీలో గేటు కాపలా. ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. తెల్లవారినాక కంపెనీ బండిలో వచ్చి దిగేవాడు. స్నానం చేసి, తిని, పడుకునేవాడు. అతని భార్య మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. అతను వచ్చిన కాసేపటికే ఆమె వెళ్లిపోయేది, ఆమె వచ్చిన కాసేపటికే అతను వెళ్లిపోయేవాడు. పిల్లలు కలగలేదు. ఆదివారం చర్చి ఒక్కటే వాళ్లిద్దరూ కలిసి పోయే చోటు. అదైనా శనివారం రాత్రి డ్యూటీ పడకపోతేనే.

అతను పడుకున్నాడంటే వాకిలి అంతటికీ తెలిసేది. గురక సన్నగా మొదలయ్యేది. పోనుపోను బోరుబండి రాతిని తొలుస్తున్నట్టు పెరిగేది. మా గోడకు ఆనించిన స్టీలు పళ్లెం దానితోపాటు సన్నగా మోగేది. మొదట్లో మేమంతా నవ్వుకునేవాళ్లం. వాకిలి గేటు పక్కన ఇస్త్రీ బండి పెట్టుకున్న సత్తెమ్మ అక్కడినుంచే అరిచేది.

“పెద్దమ్మా! మోటరు బందు వెట్టుమనుండ్రి, ట్యాంకు నిండింది!”

తర్వాత తర్వాత నవ్వడం మానేశాం. ఆ గురక మధ్యలో టక్కున ఆగిపోయేది. గొంతుకు ఏదో అడ్డం పడ్డట్టు చిన్న చప్పుడు, ఆపైన ఏమీ లేదు. చింతపండులోంచి గింజ తీస్తున్న నా చేయి అక్కడే ఆగేది. సత్తెమ్మ ఇస్త్రీపెట్టెను బట్ట మీదినుంచి ఎత్తి, గాలిలో పట్టుకుని ఉండేది. నల్లా కింద బిందె పొర్లుతున్నా ఎవరూ కట్టేవారు కాదు. అప్పుడు లోపల అతను, నీళ్లలో మునిగినవాడు పైకి తేలినట్టు, ఒక్కసారిగా ఊపిరి లాగేవాడు. గురక మళ్లీ మొదలయ్యేది. ఇస్త్రీపెట్టె బట్ట మీద పడేది. నా చేతిలోని గింజ గంపలో పడేది.

డ్యూటీకి పోతూ అతని భార్య రోజూ నా గడప దగ్గర ఆగేది.

“పెద్దమ్మా, పోతున్న. జర చెవు పెట్టు.”

పొయ్యి మీద పాలు చూడమని చెప్పిపోయినవాళ్లను చూశాను. ఎండబెట్టిన మిరపకాయలు చూడమన్నవాళ్లను చూశాను. మొగని ఊపిరి వినమని అప్పజెప్పి పోయిన మనిషిని మాత్రం ఆమెనొక్కదాన్నే చూశాను.

అతను పొట్టి మెడ మనిషి. యూనిఫాం పై గుండీ ఎన్నడూ పట్టలేదు. గేటు దగ్గర కారు కారుకూ సలాం కొట్టి చేయి అలవాటు పడిపోయింది. పాలు పోసే ఆమెకు సలాం, కూరగాయల బండికి సలాం, వాకిట్లోకి వచ్చిన మేకకు సలాం.

“చెయ్యికి స్ప్రింగు వడ్డది పెద్దమ్మా. నేను లేపుతలేను, అదే లేస్తాంది,” అనేవాడు.

మన ఇంట్లోకి మనం వచ్చినా వదిలేవాడు కాదు. నేను మార్కెట్ నుంచి సంచి మోసుకుని వస్తే, తన గడప మీద కూర్చుని చేయి అడ్డం పెట్టేవాడు.

“ఎవల్ని గలవాలె? ఎంట్రీ జేసినవా?”

“నాకు రాయరాదు గద కొడుకా.”

“ఏలిముద్రలు మా గేటు కాడ నడవయి. సంతకం నేర్వు.”

ఒకరోజు నిజంగానే సుద్దముక్క తెచ్చి, గడప ముందరి బండ మీద నా పేరు రాయడం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరం రాసి, దాని మీద నా వేలు పెట్టించి దిద్దించాడు. చివరి అక్షరానికి వచ్చేసరికి చేయి ఆగింది. చూస్తే కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. సుద్ద వేళ్ల మధ్యనే ఉంది. అక్షరాలన్నీ నాకు తరువాత చర్చి పక్కన నడిచే సాయంత్రం బడిలో వచ్చాయి. అతని చేత నేర్చుకున్నవి మాత్రం నా పేరులో చివరిది తప్ప మిగతావి.

అతని నిద్ర అట్లాగే ఉండేది. చెప్పకుండా వచ్చేది. అన్నం ముద్ద చేతిలో ఉండగానే వచ్చేది. నల్లా దగ్గర నిలబడి ఉండగా వచ్చేది. ఒకసారి బస్సులో పడుకుని తూంకుంటలో దిగవలసినవాడు ఎక్కడో కరీంనగర్ రోడ్డు మీద చాలా దూరం పోయి, తిరిగి వచ్చే బస్సులో కూడా పడుకుని, అల్వాల్ దాకా పోయాడు. చర్చిలో పాస్టరు ప్రార్థన చేస్తుంటే గురక పెట్టాడని భార్య ఏడ్చినంత పని చేస్తే, అతనన్నాడు, “కండ్లు మూసుకోమన్నది ఆయినే గద.”

అతని ఇంట్లో కుర్చీ లేదు. చుట్టాలెవరో ఇస్తే కూడా సత్తెమ్మకు ఇచ్చేశాడు. “కుర్సీ అంటే డ్యూటీ,” అనేవాడు. రాత్రంతా ఆ గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చునే మనిషి. ఇంటికి వచ్చాక షాబాదు బండ మీద, చాప కూడా లేకుండా, చేతులు రెండూ చాపి వెల్లకిలా పడేవాడు. పరుపు వేసుకో అంటే వినడు.

“బండ సల్లదనం ఈపుకు తగిలితేనే నాకు ఇంటికొచ్చినట్టుంటది పెద్దమ్మా. అప్పటిదాంక నేనింక గేటు కాడున్నట్టే.”

ఆ వెల్లకిలా పడుకోవడమే అతని ప్రాణం మీదికి తెస్తోందని అప్పుడు మాకు తెలియదు.

తెలిసింది ఒక ఫోటో వల్ల. కాలనీలో ఒకాయన తెల్లవారుజామున ఎక్కడికో పోతూ గేటు ముందు హారన్ కొట్టి కొట్టి, కారు దిగి వచ్చి చూస్తే ఇతను కుర్చీలో నిద్రపోతున్నాడు. ఆయన ఫోటో తీసి కాలనీవాళ్ల గ్రూపులో పెట్టాడు. సూపర్‌వైజరు దాన్నే ఇతనికి పంపి, ఇంకోసారి దొరికితే యూనిఫాం అప్పజెప్పి పొమ్మన్నాడు. ఇతను ఆ ఫోటోను వాకిట్లో అందరికీ చూపించాడు.

“సూడున్రి, టోపీ సీదా ఉన్నదా లేదా? నిద్రల గూడ డిసిప్లిన్.”

మేము నవ్వాం. భార్య నవ్వలేదు. పనికి సెలవు పెట్టి, అతన్ని మేడ్చల్ రోడ్డులో ఉన్న ఆసుపత్రికి తీసుకుపోయింది. నన్నూ తోడు రమ్మంది. అతని నిద్ర సంగతి డాక్టరుకు చెప్పాలంటే ఆమెకేం తెలుసు? పగలు విన్నది నేను.

“ఊపిరి ఆగిపోవడం ఎవరు చూశారు?” అని అడిగాడు డాక్టరు.

“చూడలేదు సార్. విన్నం,” అన్నాను.

ఆయన నావైపు తిరిగి కూర్చున్నాడు. ఎట్లా ఆగుతుంది, ఎంతసేపు ఆగుతుంది, ఆగాక ఎట్లా మొదలవుతుంది, అన్నీ అడిగాడు. నేను నోటితోనే ఆ చప్పుళ్లన్నీ చేసి చూపించాను. ఇతను నా పక్కన కూర్చుని ఆశ్చర్యంగా వింటున్నాడు. తన గురకను తాను వినడం అదే మొదలు కదా. “గంత మంచిగ జేస్తనా?” అన్నాడు.

తరువాత ఒళ్లంతా వైర్లు అంటించి పడుకోబెట్టి పరీక్ష చేశారు. వెల్లకిలా పడుకుంటే గొంతు మూసుకుపోతోందనీ, ఊపిరి ఆగిన ప్రతిసారీ గుండె మీద బరువు పడుతోందనీ డాక్టరు చెప్పాడు. పక్కకు తిరిగి పడుకుంటే చాలావరకు నయమట. ముఖానికి పెట్టుకునే మిషన్ అన్నిటికన్నా మంచిదని, దాని ధర కూడా చెప్పాడు. ఆ మాట వినగానే భార్యాభర్తలిద్దరూ నేల చూశారు. డాక్టరు కూడా దాన్ని ఇంకోసారి అనలేదు.

“సరే, ఇప్పటికి ఈ బెల్టు కట్టుకో. నిద్రలో వెల్లకిలా తిరగబోతే వీపు కింద ఈ ముద్ద ఒత్తుకుంటుంది, నువ్వే మళ్లీ పక్కకు తిరుగుతావు. ఒళ్లు తగ్గించు. నైట్ డ్యూటీ మానేస్తే ఇంకా మంచిది.”

“పగటి డ్యూటీల నిద్రవోతే అందరు జూస్తరు సార్,” అన్నాడు ఇతను. డాక్టరుకు నవ్వు వచ్చింది. భార్యకు కళ్లలో నీళ్లు వచ్చాయి.

బెల్టు ఇంటికి వచ్చిన రోజు పండుగలా ఉండింది. యూనిఫాం మీదనే కట్టుకుని వాకిట్లో అటూ ఇటూ నడిచాడు. “ఇస్కూలుకు పోతున్న. టిఫిన్ బాక్సు మర్చిపోయిన,” అన్నాడు. సత్తెమ్మ ఇస్త్రీపెట్టె కింద పెట్టి మరీ నవ్వింది.

“ఒంటె లెక్కున్నవు పో! మా బట్టల మూట గూడ దాని మీద ఏస్త, ఇంటింటికి ఇచ్చి రా.”

మరునాటినుంచి భార్య డ్యూటీకి పోయేముందు బనీను మీద అతనికి బెల్టు కట్టేది. అతను నిలబడి చేతులు పైకెత్తేవాడు. ఆమె వెనకనుంచి బిగించి, ముందరికి వచ్చి పట్టీని అంటించేది. ఆ పట్టీ పిల్లల బూట్లకు ఉండే రకం, విప్పితే చర్రుమంటుంది. అట్లా కట్టించుకుని, వీపు మీద ముద్దతోనే కూర్చుని అన్నం తినేవాడు.

మొదటి రోజు అతను పడుకున్నాక నేను చింతపండు ముందర వేసుకుని కూర్చున్నాను. గురక రాలేదు. అది మంచికే అని నాకు తెలుసు. డాక్టరు చెప్పగా విన్నాను కూడా. కానీ ఇన్నాళ్లూ ఆ గదిలో చప్పుడు ఆగిందంటే అతని ఊపిరి ఆగిందని నా చెవికి అలవాటైంది. చెవికి డాక్టరు మాట ఎట్లా ఎక్కుతుంది? కాసేపు ఓర్చుకున్నాను. పళ్లెం మోగడం లేదు. సత్తెమ్మ గేటు దగ్గరనుంచి నావైపే చూస్తోంది. చివరికి లేచి పోయి తలుపు తట్టాను.

ఎర్రటి కళ్లతో వచ్చి తీశాడు.

“ఏంది పెద్దమ్మా? ఎంట్రీనా?”

“సప్పుడు లేదు రా కొడుకా.”

“బెల్టు పనిజేస్తున్నది గద పెద్దమ్మా,” అన్నాడు. నాకు సిగ్గు వేసింది.

ఆ మధ్యాహ్నమే సత్తెమ్మ తట్టింది. మరునాడు పాలు పోసే ఆమె తట్టింది. మేము ఒకరినొకరం తిట్టుకున్నాం, ఇకమీదట ఎవరూ తట్టొద్దని అనుకున్నాం. అనుకున్నవాళ్లమే మళ్లీ తట్టాం. కిటికీలోంచి చూద్దామంటే అతను గోడవైపు తిరిగి ఉంటాడు. ముద్ద కనిపిస్తుంది గాని రొమ్ము లేస్తోందా లేదా కనపడదు. ఇంతకుముందు గురక ఆగిన ఆ కాసేపే భయపడేవాళ్లం. ఇప్పుడు పొద్దంతా భయమే.

భార్య ఒక ఉపాయం చేసింది. మేక మెడకు కట్టే చిన్న గంట కొని తెచ్చి బెల్టుకు కుట్టింది. కదిలితే మోగుతుందని. “ఇగ గడ్డి గూడ వెయ్యి,” అన్నాడు అతను, కుట్టించుకుంటూ. గంట మోగినప్పుడు వాకిలంతా హాయిగా ఉండేది. కానీ మనిషి బాగా నిద్రపోతే కదలడు కదా. నిద్ర పట్టినకొద్దీ గంట మోగేది కాదు. గంట మోగనకొద్దీ మేము తలుపు తట్టేవాళ్లం.

గేటు దగ్గర ఇంకోసారి కునుకు పట్టిందని భార్య చెప్పింది. ఈసారి ఎవరూ ఫోటో తీయలేదు. పగలు మేము నిద్రపోనివ్వకపోతే రాత్రి ఏం చేస్తాడు?

అట్లా కొన్నాళ్లు గడిచాక ఒక పొద్దున, ఆమె వాకిలి దాటి పోయిన కాసేపటికి, గోడ పైనున్న సందులోంచి చర్రుమన్న చప్పుడు వచ్చింది. ఆ వెంటనే గురక. మా పళ్లెం సన్నగా మోగింది. సత్తెమ్మ తల ఎత్తి నావైపు చూసి, మళ్లీ తల వంచుకుని ఇస్త్రీ చేసుకుంది. ఆ రోజు మా పనులన్నీ సాఫీగా సాగాయి. అందరికీ ప్రాణం కుదుటపడింది. దేనివల్ల కుదుటపడిందో అందరికీ తెలుసు.

సాయంత్రం అతను గడప మీద కూర్చుని చాయ్‌ను సాసరులో పోసుకుని తాగుతుంటే అడిగాను.

“బెల్టు ఎందుకు ఇప్పినవురా?”

“మీ కోసమే పెద్దమ్మా.”

“మా కోసమేంది?”

“రాత్రి కాలనీల నేను గంటకోసారి ఈల ఊదుత. ఎందుకు? దొంగలు ఉరుకుతరనా? కాదు. లోపల పండుకున్నోళ్లకు ఈడ మనిషున్నడని తెల్వాలె. ఈల ఇనవడ్డదనుకో, అటు తిరిగి పంటరు. ఇనవడకపోతె లేచి లైట్లు ఏస్తరు, ఫోన్లు జేస్తరు. నా గురక గూడ గంతే. నేను ఊదుతుంటె మీరు మీ పని జేస్కుంటరు.”

“ఈల ఊదితె పానం వోదు గదరా. డాక్టరు ఏం జెప్పిండు?”

“డాక్టరు మన వాకిట్ల ఉంటలేడు గద.”

“ఏమన్న అయితె ఎట్ల?”

“జెప్పకుంట పోను. ఔట్ రాసే పోత,” అని సాసరు ఖాళీ చేశాడు.

“నీ పెండ్లానికి జెప్త ఉండు.”

“జెప్పు. ఆమె కట్టిపోతది, నేను ఇప్పి పంట. నడుమ నువ్వు గోడవు.”

చెప్పాను. ఆమె అతన్ని తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. డ్యూటీనుంచి వచ్చి ఇంకా చెప్పులు కూడా విప్పలేదు, వాకిట్లో నిలబడి నన్నూ సత్తెమ్మనూ చూసి అంది.

“మీరు తట్టకుంటే ఉంచుకుంటడంట. తట్టకుంట ఉంటరా పెద్దమ్మా?”

సత్తెమ్మ బొగ్గులు కెలుకుతూ ఉండిపోయింది. తట్టకుండా ఉంటామని అందామనుకున్నాను.

“నేనుంటె నేనే తడుత,” అంది ఆమే. “ఆదివారం ఇంటికాడుంటె నేనే నాలుగుసార్లు లేపుత. ముక్కు కాడ చెయ్యి వెట్టి సూస్త. మిమ్ములనేమంట?”

ఆపైన చీర అంచు చించి, బెల్టు పట్టీ మీదుగా వెనక గట్టిగా ముడి వేసి చూసింది. అతను చొక్కా విప్పినట్టు దాన్ని తలమీదుగా తీసేశాడు. వేసవి అంతా అట్లాగే గడిచింది. కొన్ని రోజులు బెల్టు ఉండేది, మేము భయంతో చస్తూ కూర్చునేవాళ్లం. కొన్ని రోజులు గురక ఉండేది, మేము పని చేసుకునేవాళ్లం. ఏ రోజు మంచిదో మాకు తెలిసేది కాదు.

ఆషాఢం వచ్చింది. మా వాడకట్టులో బోనాలు ఆదివారం నాడు. పొద్దున్నుంచే సందు మొదట్లో డీజే బండి నిలబెట్టారు. ఇంటి రేకులు, తలుపులు, నా స్టీలు పళ్లెం, అన్నీ దానికే అదురుతున్నాయి. నేను తలస్నానం చేసి, కుండకు సున్నం, పసుపు, కుంకుమ పెట్టి, వేపమండలు కట్టుకుంటున్నాను. అతని భార్య తెల్లచీరతో చర్చికి బయలుదేరి నా గడప దగ్గర ఆగింది. నోరు తెరిచి, నా ముందున్న బోనం చూసి, అనబోయిన మాట మింగేసింది.

“ప్రార్థన అయిపోంగనే వస్త పెద్దమ్మా,” అని మాత్రం అని పోయింది.

అతను రాత్రి డ్యూటీ నుంచి అప్పుడే వచ్చాడు. స్నానం చేసి, తిని, బనీనుతో గడప మీదికి వచ్చి నిలబడ్డాడు. డీజే బండి వైపు చూసి, నాకు వినబడాలని అరిచాడు.

“ఇయ్యాల దాని ముందట నా గురక పనికి రాదు పెద్దమ్మా!”

“పండుకో పో, మస్తు అలిసినవు.”

అతను లోపలికి పోయి బెల్టు పట్టుకుని వచ్చాడు. నాకు వీపు చూపించి నిలబడి, చేతులు పైకెత్తాడు.

“జర ఎనక నుంచి గుంజు. ఇయ్యాల ఎవ్వలు వినరు గద. కట్టుకుంట.”

ఒంటి మీద మడిబట్ట ఉంది. అయినా కట్టాను. ముద్ద వీపు మధ్యకు వచ్చేలా సర్ది, ముందరికి తిరిగి పట్టీ అంటించాను. సరిగ్గా ఉందా అని అతను వెనక్కి చేయి పెట్టి తడిమి చూసుకున్నాడు. నా బోనానికి సలాం కొట్టాడు.

“అమ్మోరికి జెప్పు, నేను డ్యూటీ దిగి వచ్చిన అని,” అని తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

మేమంతా బోనాలతో పోయాం. సత్తెమ్మ కూడా ఆ రోజు బండి మూసేసి వచ్చింది. గుడి దగ్గర రద్దీ. ఎండ ఎక్కింది, దిగింది. తిరిగి వచ్చేసరికి అతని భార్య వాకిలి గేటు దగ్గరే కలిసింది. చర్చిలో భోజనాలు పెట్టారని, అతని కోసం ఒక డబ్బాలో తెచ్చింది. డీజే ఇంకా మోగుతూనే ఉంది. ఆమె తలుపు తోసి లోపలికి పోయింది. నేను కుండ దించుకుంటూ చూశాను. ఆమె గడప లోపలే నిలబడిపోయింది. డబ్బా కింద పెట్టింది. వంగి అతని భుజం మీద చేయి వేసింది.

“పెద్దమ్మా,” అంది. డీజేలో ఆ మాట వినపడలేదు, పెదవులు కదలడం చూశాను.

గోడవైపు తిరిగి ఉన్నాడు. మోకాళ్లు కొంచెం ముడుచుకుని ఉన్నాయి. కుడిచేయి చెంప కింద ఉంది. బెల్టు నేను కట్టినట్టే ఉంది, జరగలేదు.

సత్తెమ్మ పరుగెత్తి పోయి డీజే ఆపించింది. ఒక్కసారిగా సందు అంతా నిశ్శబ్దమైంది. మేమందరం తలుపు దగ్గర నిలబడి విన్నాం. వినడానికి ఏమీ లేదు.

అంబులెన్సులో వచ్చినవాళ్లు చూసి, చాలాసేపయిందన్నారు. గుండె ఆగి ఉంటుందన్నారు. తరువాత ఒకరోజు ఆమెతో కలిసి అదే డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన అంతా విని, “ఎన్నాళ్లనుంచో గుండె అలిసిపోయి ఉంటుందమ్మా. ఆ రోజు బెల్టు ఉన్నా లేకున్నా…” అని ఆగాడు. మిగతాది మేమూ అడగలేదు.

బోనాల నాటి సాయంత్రమే చర్చి పెద్దలు వచ్చారు. బల్ల తెచ్చి తెల్లగుడ్డ పరిచారు. బెల్టు విప్పి, అతన్ని ఎత్తి బల్ల మీద పెట్టి, వెల్లకిలా పడుకోబెట్టి చేతులు రొమ్ము మీద పెట్టాలని చూశారు. ఒళ్లు బిగుసుకుపోయింది. భుజం పట్టి వెనక్కి వంచితే మనిషి మొత్తం లేచి, వదిలితే మళ్లీ పక్కకే పడ్డాడు. ఒకాయన మోకాళ్లు నొక్కాడు. అవి దిగలేదు.

“ఏన్నీళ్లు తెండ్రి. తుడుస్తే మెత్తవడ్తది,” అన్నాడు ఒక పెద్దమనిషి.

సత్తెమ్మ నీళ్లు కాచి తెచ్చింది. తుడిచారు. మళ్లీ వంచారు. ఈసారి ఇద్దరు పట్టుకున్నారు. అప్పటిదాకా గోడకు ఆనుకుని, ఏడుపు కూడా లేకుండా చూస్తున్న భార్య లేచి వచ్చి వాళ్ల చేతులు తీసేసింది.

“వద్దన్నా. గట్లనే ఉండనియ్యుండ్రి.”

“ముఖం సూడవస్తరు గదమ్మా, మంది. గోడ దిక్కుంటే ఎట్ల?”

“సూసేటోళ్లు అటు దిక్కు పోయి సూస్తరు.”

పెద్దమనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాస్టరు ముందుకు వచ్చి బల్ల ఒక కొస పట్టుకున్నాడు. ఇంకొకరు రెండో కొస పట్టుకున్నారు. బల్లను గోడకు కొంచెం దూరం జరిపారు, ఒక మనిషి పట్టేంత. వచ్చినవాళ్లందరూ ఆ సందులోకి ఒక్కొక్కరే పోయి, ముఖం చూసి, అటునుంచి బయటికి వచ్చారు. పక్క కాలనీల్లో గేట్ల దగ్గర పనిచేసేవాళ్లు డ్యూటీకి పోతూ యూనిఫాంలోనే వచ్చారు. వాళ్లలో ఒకాయనకు ఆ సందులో పట్టలేదు. వీపు వైపే నిలబడి, టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

జనం తగ్గాక నేను పోయాను. ఆమె ఆ సందులోనే, గోడకు వీపు ఆనించి కింద కూర్చుని ఉంది. అతని ముఖం ఆమె ముఖానికి ఎదురుగా ఉంది. ఇన్నేళ్లలో ఆమె అతని నిద్రను తీరికగా చూసింది ఆదివారాలు మాత్రమే, అప్పుడు కూడా లేపుతూ చూసింది. ఇప్పుడు ఊరికే చూస్తోంది. నేను పక్కకు వచ్చింది గమనించి, తల ఎత్తకుండానే అడిగింది.

“డాక్టరు జెప్పినట్టే పండుకున్నడు గద పెద్దమ్మా?”

“జెప్పినట్టే పండుకున్నడు బిడ్డా,” అన్నాను.

ఆమె కాళ్లు దగ్గరికి ముడుచుకుని, కొంచెం జరిగి, నాకు కూర్చోవడానికి చోటిచ్చింది.